నాలుగో కొలత

స్లాటు పొద్దున్న తొమ్మిదికండి.
అంటే మా లంకలో మూడున్నరకే తెల్లారాలి.
గుడ్డలు మార్చాలి, జావ పట్టాలి
చెంచాడు, ఆగి, మరో చెంచాడు.
తొందరపడితే పొలమారుతుంది,
పొలమారితే ఆ రోజిక అంతే.

ఏసుపాదం. నా తమ్ముడు. ముప్పయ్యొకటి నిండాయి.
అమ్మ ఆ పేరు పెట్టిన నాటికి
వాడి పాదాలు నేలకి ఆనవని
ఎవరికీ తెలీదు.
తెలిసినా అదే పెట్టేదేమో, చెప్పలేం.

లోవరాజు నావకి మా దగ్గర డబ్బులు పుచ్చుకోడు.
చక్రాల కుర్చీని ముందు దాటిస్తాడు, మమ్మల్ని తరవాత.
మొన్నటి వరదకి రేవు మెట్లు కొట్టుకుపోయాయి గనక
బురదలో దిగి నేనే ఎత్తుకుంటాను.
ఎత్తుకోడం చిన్నప్పట్నించీ అలవాటే.
వాడు నాకంటే పొడుగైపోవడమే
ఇంకా అలవాటవలేదు.
ఈ పూట నవ్వకురా, అని
నావలోనే చెప్పి ఉంచాను.

గన్నవరంలో ఆటో. అమలాపురం ఆస్పత్రి వరండా.
నా ముందు మనిషికి కుడి చెయ్యి లేదు,
రైసుమిల్లు బెల్టు పట్టుకుపోయిందట, ఇరవై ఏళ్ళ కిందట.
మళ్ళీ మొలిచిందేమో చూపించుకోడానికి వచ్చాడు.
చూపించాడు.
ఖాళీ చొక్కా చేతిని జేబులోకి దోపుకుని
"ఈ ఏడాదీ కాపు లేదండి" అని
బీడీకి బైటికెళ్ళాడు.

మా పాసుబుక్కులో ఎకరం పది సెంట్లు భూమి ఉంది.
పుస్తకంలోనే ఉంది.
నేలని మూడు వరదల్లో పాయ కోసుకుపోయింది,
పదకొండు కొబ్బరిచెట్లతో సహా.
వచ్చి కొలవండి బాబూ అని నాన్న తిరిగి తిరిగి పోయాడు,
గొలుసు పట్టుకుని ఒక్కడూ రాలేదు.
పోయిన నేల ఉన్నట్టే రాసుంచుతారు.
ఎన్నడూ లేని నడక
వచ్చిందేమోనని నాలుగోసారి కొలుస్తారు.

లోపల కొత్త డాక్టరమ్మ. చిన్నపిల్ల. మంచిదే.
తలెత్తకుండా అడుగుతుంది, బయట రెండొందల మంది మరి.
నడుస్తాడా?
లేదండి.
కూర్చుంటాడా?
ఆనిస్తే, ఆయ్, కాసేపు.
తన పనులు తాను?
లేదండి.
మనుషుల్ని పోలుస్తాడా?

ఇక్కడేనండి కిందటిసారి నేను దెబ్బతిన్నది.
గర్వంగా చెప్పేశాను,
తాటాకు మీద చినుకు పడితే నవ్వుతాడండి,
నా అడుగు చప్పుడు పోల్చుకుంటాడండి,
చీరమేను వేగుతుంటే కేకేస్తాడండి అని.
ఆ నవ్వుకి పదిహేను శాతం కోసేశారు.
కింద తాత్కాలికం అని ముద్ర గుద్దారు.
ఏడు నెలలు పింఛను ఆగింది.
ఏడు నెలలూ పీచు మిల్లులో రెండో షిఫ్టు చేశాను,
వాణ్ణి గడపకి కట్టి.

అందుకని ఈసారి
వాడి ముందే, వాడి చెవి పక్కనే,
ఎవర్నీ ఎరగడండి అన్నాను.
ఏమీ తెలీదండి అన్నాను.
మొద్దండి, అని కూడా అన్నాను.
డాక్టరమ్మ టిక్కులు పెట్టుకుంటూ పోయింది.
వాడు వింటున్నాడు.
వింటాడు అని రాయడానికి ఆ కాయితంలో గడి లేదు.
ఉంటే నాకే భయం.

అమ్మా, ఒక్కటి అడుగుతాను.
వీడు పుట్టిన వారానికే తేలిపోయిన సంగతిది.
ఒక్కసారి రాసి ఆ పుస్తకం మూసెయ్యకూడదా?
నా తమ్ముడి మీద ఇంత అబద్ధం
ఎన్నేళ్ళకోసారి చెప్పమంటారు?

అడగలేదండి.
వెనకాల పేరు పిలిచేశారు.

తిరుగు నావలో, పాయ నడిమికొచ్చాక
పొద్దున్న చెప్పింది గుర్తొచ్చి
ఇంక నవ్వొచ్చురా, అన్నాను.
లోవరాజు గెడ ఆపి చూశాడు.
వాడు నీళ్ళ వైపే చూస్తున్నాడు.